వరసగా నాలుగేళ్ళు

నాన్న రిటైరైనప్పుడు రోడ్డు రోలర్ని ఆఫీసువాళ్ళు వెనక్కి తీసేసుకున్నారు. దాని వెనక తగిలించుకుని తిరిగే, మావాళ్ళు కాపురముండే రేకుల బండిని మాత్రం పాతదైపోయిందని ఆయనకే వదిలేశారు. ఎండలు ముదురుతున్నప్పుడు ట్రాక్టరుకి కట్టి దాన్ని అమ్మమ్మ పెరట్లోకి తెచ్చారు. లోపలికి పట్టక ప్రహరీ గోడ కొంచెం కొట్టాల్సి వచ్చింది. రాలిన ఇటుకలు ఏరుకుంటూ అమ్మమ్మ, "ఏ అల్లుడైనా అత్తారింటికి పెట్టె తెచ్చుకుంటాడు. మా అల్లుడు ఇల్లే తెచ్చుకున్నాడు, నత్తలాగా," అంది.

"మీ ఇంట్లో చోటు అడగలేదు కదా అత్తయ్యా, సంతోషించండి," అన్నాడు నాన్న.

ఆ బండిలోనే అక్క పెరిగింది. నేను పెరగలేదు. అక్కకీ నాకూ మధ్య ఇద్దరు పుట్టి పోయారు. తారు పొగ పడకే పోయారని అమ్మ నమ్మకం. నాకూ ఆయాసం మొదలయ్యేసరికి, నడక సరిగ్గా రాకముందే అమ్మమ్మ దగ్గర వదిలేశారు. ఆ తర్వాత పని దగ్గర్లో ఉన్నప్పుడు వాళ్ళు బండితోనే వచ్చేవాళ్ళు, నాలుగు రోజులుండి బండితోనే వెళ్ళిపోయేవాళ్ళు. రోలర్ మనిషి నడక కన్నా నెమ్మదిగా పోతుంది. అందుకని వాళ్ళు వెళ్ళిపోవడం చాలాసేపు సాగేది. ఊరి చివరిదాకా నేను బండి పక్కనే నడిచేదాన్ని. వెనక కిటికీలోంచి అక్క నాకేసి మొహం వంకరగా పెట్టి నవ్వించేది. ఆ కిటికీ లోపలివైపు నుంచి ఎలా ఉంటుందో చూడాలని నా చిన్నప్పటి కోరిక.

అంచేత ఆ వేసవి నాకు పండగలా మొదలైంది. అందరం ఒక చోట ఉన్నాం. నేను పదో తరగతి పాసయ్యాను. అక్క సర్వీసు కమిషన్ పరీక్ష పాసైంది. మా జోన్‌కి ఆఫీసరు ఉద్యోగాలు రెండే. అక్కది రెండో నంబరు. అప్పటికి అక్క ఆ పరీక్ష చాలాసార్లు రాసింది. వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది, ఇంక రాయనివ్వరు. కాబట్టి ఇదే ఆఖరు.

"ఇంతకీ ఆఫీసులో నీకు కుర్చీ ఇస్తారా, స్టూలా?" అని అడిగింది అమ్మమ్మ.

"గుండ్రంగా తిరిగే కుర్చీ ఇస్తారు అమ్మమ్మా."

"ఇంకా తిరగడమేనా?" అని అమ్మమ్మ నొసలు చిట్లించింది.

అక్క ఇంట్లో పడుకునేది కాదు. బండిలోనే చదువుకునేది, అక్కడే పడుకునేది. బండి ఎప్పుడు కదులుతుందో తెలియని బతుకు కాబట్టి సామాను కట్టేసి ఉంచడం తనకి అలవాటు. గ్లాసులు కొక్కేలకి వేలాడేవి. పుస్తకాలు పాత చీర పీలికలతో కట్టి ఉండేవి. పెన్నుకి కూడా ఒక దారం. "ఇక్కడ ఏదీ దొర్లదు కదక్కా," అంటే, "నా చేతులకి తెలీదే ఆ సంగతి," అనేది.

సర్టిఫికెట్లు చూపించడానికి పట్నం పిలిచారు. అమ్మకి బస్సు పడదు కాబట్టి తోడుగా నన్ను పంపించారు. నాకు నోట్లో నాలుక లేదని మా ఇంట్లో అందరూ అంటారు. కొత్తవాళ్ళ ముందు నిజంగానే ఉండదు. "నువ్వేం మాట్లాడక్కర్లేదు. ఫైలు పట్టుకో, అంతే," అంది అక్క.

పెద్ద హాలు. వరసగా బల్లలు. పైన ఫ్యాన్లు గాలికన్నా చప్పుడు ఎక్కువ చేస్తున్నాయి. మా వెనక నిలబడ్డ అమ్మాయి కాగితాలు ఎగిరిపోయి నేలంతా పరుచుకున్నాయి. వాళ్ళ నాన్న నీళ్ళ సీసా పట్టుకుని, ఏం చెయ్యాలో తోచక నిలబడ్డాడు. అక్క వంగి కాగితాలన్నీ ఏరింది, తరగతుల వరసలో సర్దింది, తన ఫైలుకి కట్టిన పీలికని మధ్యకి చింపి వాటిని కట్టి ఇచ్చింది.

"థాంక్స్ అక్కా. మీది ఏ జోన్?"

"మూడు."

"నాదీ మూడే. మీ తర్వాత నంబరు నాది." ఆ అమ్మాయి మొహమాటంగా నవ్వింది. "ఊరికే పిలిచారు. నాకు రాదులెండి."

మా వంతు వచ్చింది. బల్ల వెనక కళ్ళజోడుని గొలుసుతో మెళ్ళో వేసుకున్న మేడం. చదివేటప్పుడు పెట్టుకుంటుంది, మాట్లాడేటప్పుడు తీసేస్తుంది. చాలాసేపు పెట్టుకునే ఉంది.

"మూడో జోన్ లోకల్ అని రాశావు. ఎలా?"

"మా సొంతూరు ఆ జోన్‌లోదేనండీ. మా అమ్మమ్మ ఇల్లు. నేను అక్కడే పుట్టాను, నా ఓటు కూడా అక్కడే," అంది అక్క.

"పుట్టుక కాదమ్మా, ఓటూ కాదు. బడి. నాలుగో తరగతి నుంచి పది దాకా ఏడేళ్ళు. అందులో వరసగా నాలుగేళ్ళు ఎక్కడ చదివితే అక్కడే లోకల్. నువ్వు నాలుగూ అయిదూ కొండల వైపు చదివావు, అది ఒకటో జోన్. ఆరూ ఏడూ ఎనిమిదీ నది పక్కన, అది రెండు. తొమ్మిదీ పదీ మూడులో." ఆవిడ వేళ్ళు మడిచి చూసుకుంది. మళ్ళీ విప్పి మళ్ళీ మడిచింది. "వరసగా నాలుగు ఎక్కడా లేవే."

"మా నాన్న రోలర్ డ్రైవరండీ. రోడ్డు ఎటు పోతే మేం అటు పోయేవాళ్ళం."

"అయితే నువ్వు ఎక్కడా లోకల్ కాదు. అన్ని జోన్లవాళ్ళకీ కలిపి ఉండే సీట్లు ముందే నిండిపోయాయి."

అక్క ఆవిడ మడిచిన వేళ్ళకేసి చూసింది. తర్వాత, "నేను బడికే వెళ్ళకపోయి ఉంటే?" అని అడిగింది. ఎగతాళిగా కాదు, నిజంగా తెలుసుకోవాలని.

"చదువుకోని ఏళ్ళకి ఇల్లు ఎక్కడుందో చూస్తాం. చదువుకుంటే బడే చూడాలి."

"ఇల్లు కూడా బండేనండీ."

నవ్వాలో వద్దో ఆవిడకి తెలియలేదు. కళ్ళజోడు తీసింది. "నీ మార్కులకి ఏ జోన్‌లోనైనా వచ్చేస్తుందమ్మా. వారం టైమిస్తున్నాను. ఏ బడి నుంచైనా సరే, నాలుగో ఏడు రాయించుకుని రా." అని అక్క కాగితాల మీద ఉన్న ఇనుప గుండు తీసి, వాటిని పక్కనున్న వేరే దొంతరలో పెట్టింది.

బయటికి వస్తుంటే వెనక ఆవిడ ఆ అమ్మాయిని అడగడం వినిపించింది. "ఒకే బడిలోనా?" "అవునండీ, అన్నీ మా ఊళ్ళోనే."

ఇంటికి వచ్చి చెబితే అమ్మమ్మకి ఎంతకీ అర్థం కాలేదు. "ఇక్కడ పుట్టిందాన్ని ఇక్కడిది కాదంటారా? మరి ఎక్కడిదంటారు?"

"ఎక్కడిదీ కాదంటారు," అంది అక్క.

"అదేం మాటే. గాల్లోంచి ఊడిపడ్డావా?"

మర్నాడు నాన్న నన్ను వెంటబెట్టుకుని మా బడికి వచ్చాడు. పై చదువుకి నేను స్టడీ సర్టిఫికెట్ తీసుకోవాలి, ఆయన అక్క గురించి పెద్ద టీచర్ని అడగాలి. నేను మూడు వాక్యాలు ముందే కూడబలుక్కుని వెళ్ళాను గానీ, టీచర్ నన్ను ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. పుస్తకం తెరవకుండానే రాసేసింది. ఒకటి నుంచి పది వరకు, ఇదే బడి. ఒక్క గీత గీసి కింద సంతకం పెట్టింది.

నాన్న ఆ కాగితం తీసుకుని వెలుతురుకి పట్టుకుని చూశాడు. "ఇంతేనా?"

"ఇంతే. దీన్ని లోకల్ కాదనగలిగేవాడు ఇంకా పుట్టలేదు," అంది టీచర్.

అక్క సంగతి అంతా విన్నాక ఆవిడ సీసాలో నీళ్ళు తాగి, మూత బిగించి, అప్పుడు మాట్లాడింది. "రూలు తప్పని నేననలేను. ఒకప్పుడు ఇక్కడి ఆఫీసుల్లో మనవాళ్ళు జవాన్లు తప్ప ఎవరూ ఉండేవాళ్ళు కాదు. మంచి బడులున్న చోట నుంచి వచ్చి కుర్చీలన్నీ నింపేసేవాళ్ళు. ఈ రూలు లేకపోతే మీ చిన్నది ఎవరితో పోటీ పడగలదు? మా నాన్నావాళ్ళు దీనికోసం రోడ్ల మీద కూర్చున్నారు, దెబ్బలు తిన్నారు."

"తెలుసమ్మా," అన్నాడు నాన్న. "నా రోలర్ ముందే కూర్చున్నారు. అప్పటికి నాకు పెళ్ళి కాలేదు. ఇంజన్ ఆపి, దిగి, నేనూ వాళ్ళ పక్కన కూర్చున్నాను. ఎండకి తారు కరిగి ప్యాంటుకి అంటుకుపోయింది. రేపు నా పిల్లలకి పనికొస్తుందిలే అనుకున్నాను."

టీచర్ తల దించుకుని నా సర్టిఫికెట్ మీద సిరా ఆరిందా లేదా అని వేలితో చూసింది. "నది పక్క బడికి వెళ్ళి అడగండి. ఏదైనా దారి ఉంటుందేమో," అంది.

నాన్న, అక్క, నేను, ముగ్గురం వెళ్ళాం. చాలా దూరం బస్సులో. ఆ రోడ్డు నాన్న వేసిందే. కిటికీ పక్కన కూర్చుని ఆయన దారి పొడుగునా చూపిస్తూనే ఉన్నాడు. ఇక్కడ బండి ఆపుకునేవాళ్ళం. ఇక్కడ మీ అక్క కుక్కపిల్లని తెచ్చి దాచిపెట్టింది. "ఈ మలుపు చూడవే చిన్నదానా. ఒక్క చుక్క నీళ్ళు నిలవవు. ఎందుకో తెలుసా? రోలర్ని అంచు నుంచి మొదలుపెట్టి నడిమికి తేవాలి. నడిమి నుంచి మొదలెట్టావో, కంకర పక్కలకి జారిపోతుంది, రోడ్డుకి నడుం ఉండదు."

"నాన్నా, బస్సంతా వింటున్నారు," అంది అక్క.

"విననీ. తొక్కేది నా రోడ్డే కదా."

ఆ పూటకి అందరం నవ్వాం. అప్పట్లో నేను రాసుకున్న డైరీ ఇప్పుడు తిప్పి చూస్తే ఆ వేసవిలో నవ్విన రోజుల్లో అదే ఆఖరిది.

అక్కకి లెక్కలు చెప్పిన మాస్టారే అక్కడ ఇప్పుడు హెడ్మాస్టరు. అక్కని చూడగానే, "టీసీ పిల్లవి కదూ," అన్నాడు. "టీసీతో వచ్చావు, టీసీతో పోయావు. ఉన్నన్నాళ్ళూ ఫస్టు." కుర్చీలు వేయించాడు, టీ తెప్పించాడు. అంతా విని చాలాసేపు గడ్డం గోక్కున్నాడు.

"ఆరూ ఏడూ ఎనిమిదీ ఇక్కడే. తొమ్మిది కూడా సగం పైన ఇక్కడే చదివావు. కానీ పరీక్ష ఇక్కడ రాయలేదు కదమ్మా. పరీక్ష రాసిన చోటే ఆ ఏడు."

"మీరు కాస్త పెద్ద మనసు చేసుకుంటే..." అన్నాడు నాన్న. ఆయన అలా అడగడం నేనెప్పుడూ వినలేదు. చెప్పులు గుమ్మం బయటే వదిలి వచ్చాడు.

"నేను రాసిచ్చినా ఏం లాభమయ్యా? అక్కడి బడిలోనూ తొమ్మిది ఉంది. ఒకే పిల్ల ఒకే ఏడు రెండు చోట్ల ఎలా చదువుతుంది? నా ఉద్యోగం పోతే పోయింది, పిల్ల మీద కేసు పెడతారు." ఆయన అక్కకేసి చూశాడు. "ఇంకొన్నాళ్ళు ఆగలేకపోయారా మీరు?"

టీ తాగేసి లేచాం.

తిరుగు బస్సుకి టైముంది. బస్టాపు నీడలో కూర్చున్నాం. అక్క వేయించిన వేరుశనగకాయల పొట్లం కొని ఒలుస్తోంది. నాన్న తనలో తాను లెక్క వేసుకుంటున్నట్టు, "పరీక్షలకి మూణ్ణెల్లుంది అప్పటికి. ఆ మూణ్ణెల్లు ఆగుంటే అయిపోను," అన్నాడు.

"మరెందుకు ఆగలేదు నాన్నా?" అన్నాను. నేను ప్రశ్నలు వేసే మనిషిని కాను. ఆ రోజు ఎందుకు వేశానో.

నాన్న రోడ్డుకేసి చూస్తూ ఉండిపోయాడు. అక్క ఒలిచిన పప్పులు నా అరచేతిలో పోసింది.

"నీకు ఊపిరాడక ఆస్పత్రిలో పెడితే, అమ్మ ఇక్కడ కూర్చుని నా చేత పరీక్షలు రాయిస్తుందనుకున్నావా? అప్పటికప్పుడు పైవాళ్ళని బతిమాలి నాన్న తన పని అమ్మమ్మ ఊరి వైపు మార్పించుకున్నాడు. తిను, మెత్తబడిపోతాయి."

అప్పుడు నాకు మూడేళ్ళట. నాకేమీ గుర్తులేదు. పప్పులు తిన్నాను. ఉప్పు ఎక్కువైంది.

ఇంటికి వచ్చేసరికి అమ్మ గుమ్మంలోనే ఉంది. మా మొహాలు చూసి ఏమైందని అడగలేదు. "నేనే తొందరపెట్టాను అప్పుడు. రేపంటే రేపే బయల్దేరాలన్నాను," అంది.

"అమ్మా, ఆకలేస్తోంది. అన్నం పెట్టు," అంది అక్క.

పెట్టింది. అన్నం ముందు నాన్న చెయ్యి కడుక్కుని, మళ్ళీ లేచి వెళ్ళి ఇంకోసారి కడుక్కున్నాడు.

వారం అయిపోయింది. ఆ తర్వాత కొద్దిరోజులకి లిస్టు పెట్టారు. మేం చూడక్కర్లేకుండా ఆ హాల్లో కనిపించిన అమ్మాయే ఫోన్ చేసింది. ఆ రోజు నంబరు తీసుకుందట. అక్క స్పీకర్ పెట్టలేదు గానీ ఆ అమ్మాయి గొంతు పెద్దది, అందరికీ వినిపించింది.

"అక్కా, నాకు వచ్చిందక్కా. నమ్మలేకపోతున్నాను. మా ఊళ్ళో ఇంతవరకూ ఎవరికీ రాలేదు. మీకు ఎక్కడ పోస్టింగ్?"

"మాది ఇంకా తేలలేదు," అంది అక్క. "నువ్వు చేరడానికి వెళ్ళేటప్పుడు కాగితాలు కట్టుకుని వెళ్ళు. అక్కడా ఫ్యాన్లుంటాయి."

ఫోన్ పెట్టేసి బండిలోకి వెళ్ళిపోయింది. మధ్యాహ్నం నేను మంచినీళ్ళు పట్టుకెళితే తలుపు తీసే ఉంది. పుస్తకాల కట్లన్నీ విప్పేసి ఉన్నాయి. గ్లాసులు కొక్కేల మీంచి దించి నేల మీద ఉన్నాయి. పెన్నుకి దారం లేదు. అక్క వాటి మధ్యలో పడుకుని రేకుల కప్పుకేసి చూస్తోంది. తన సామాను అలా చెల్లాచెదురుగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. నీళ్ళు గుమ్మంలో పెట్టి వచ్చేశాను.

అమ్మమ్మ వసారాలో కూర్చుని బియ్యం ఏరుతోంది. "తెలివి పెద్దదానికిచ్చాడు, ఊరు చిన్నదానికిచ్చాడు. పంపకాలు చేతకాని దేవుడు," అంది. నన్ను అనలేదు. అయినా నేను అక్కడ కూర్చోలేకపోయాను.

మబ్బులు పట్టడం మొదలయ్యాక అక్కకి పట్నంలో పని దొరికింది. అదే కమిషన్ ఆఫీసులో, కింది అంతస్తులో. ఏజెన్సీ ద్వారా. దరఖాస్తు చేసినవాళ్ళ పేర్లూ బడులూ ఏళ్ళూ కంప్యూటర్లోకి ఎక్కించే పని.

"అక్కడ నువ్వు ఎక్కడిదానివని అడగలేదా?" అంది అమ్మమ్మ.

"అడగలేదు అమ్మమ్మా. మూణ్ణెల్లకోసారి తీసేసే ఉద్యోగానికి ఎక్కడివాళ్ళైనా పనికొస్తారు."

"మరి కుర్చీ?"

"ప్లాస్టిక్‌ది. తిరగదు."

వెళ్ళేముందు రోజు నన్ను బండిలోకి పిలిచింది. పుస్తకాలన్నీ మళ్ళీ కట్టి, ఒక మూలకి పేర్చి ఉన్నాయి. "ఇవి నీవే. పొద్దున ఈ వైపు కూర్చో, వెలుతురు ఇటు పడుతుంది. సాయంత్రం అటు. వాన పడితే ఆ మూల కారుతుంది, గిన్నె పెట్టు."

"నా వల్ల కాదక్కా," అన్నాను. "నీకు వచ్చిన మార్కుల్లో సగం కూడా రావు నాకు. ఇంటర్వ్యూలో అడిగితే నా పేరు కూడా చెప్పలేను."

అక్క నన్ను చూసింది. అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. నాకు మాత్రం అక్క అబద్ధం చెప్పదు. "సగం వచ్చినా చాలేమో నీకు," అంది చివరికి.

మర్నాడు బస్సెక్కింది. బస్సు రోలర్‌లాగా పోదు. చెయ్యి ఎత్తేలోగా మలుపు తిరిగిపోయింది.

ఆ సాయంత్రం నాన్న ఇసకా సిమెంటూ తెచ్చి పెరట్లో కలపడం మొదలుపెట్టాడు. నేను బండిలో ఉన్నాను. అక్క చెప్పిన వైపు, వెలుతురు పడే కిటికీ పక్కన. అదే కిటికీ, చిన్నప్పుడు నేను బయటినుంచి చూసింది. దాంట్లోంచి చూస్తే కొట్టేసిన గోడా, అమ్మమ్మ పేర్చిన ఇటుకలూ కనిపిస్తున్నాయి.

"ఏంటండీ అది?" అని అమ్మ అడగడం వినిపించింది.

"చక్రాలకి సిమెంటు పోస్తున్నాను. ఇంక ఇది కదలకూడదు."

"చిన్నదాని పది అయిపోయిందిగా. ఇంక అది ఎక్కడికి పోయినా ఏమవదని టీచర్ చెప్పలేదా?"

"రూలు ఎప్పుడు ఎలా మారుతుందో మనకేం తెలుసు," అన్నాడు నాన్న. "ఈ ఒక్కదాన్నైనా ఉండనీ."

ఆయన చెప్పేది తప్పని నాకు తెలుసు. నేనింక ఎక్కడికి వెళ్ళినా ఇక్కడిదాన్నే. ఆ మాట చెబుదామని కిటికీ దగ్గరికి వెళ్ళాను. నాన్న మోకాళ్ళ మీద కూర్చుని తాపీతో సిమెంటు సర్దుతున్నాడు. అంచు నుంచి మొదలుపెట్టి నడిమికి, అంచు నుంచి నడిమికి. సగం చక్రం అప్పటికే లోపలికి పోయింది.

ఆయన తలెత్తి నన్ను చూశాడు. "మెట్టు కింద కూడా పోశాను తల్లీ. ఇప్పుడు దిగావంటే అడుగు పడుతుంది. ఆరేదాకా లోపలే కూర్చుని చదువుకో."

సరేనని తలూపాను. వెళ్ళి కూర్చుని, అన్నిటికన్నా పైనున్న పుస్తకం కట్టు విప్పాను.